ఫెర్నాన్ తోక

జినెట్‌కి పక్షవాతం వచ్చిన పదమూడో రోజున ఆమె చెల్లెలు ఒడెట్‌కి నర్సింగ్ హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఒడెట్ వంటింట్లో నిలబడి బఠాణీ సూప్‌లో ఉప్పు చూసుకుంటోంది.

"మీ అక్కగారిని ఆస్పత్రి నుంచి మా దగ్గరికి మార్చారండీ," అంది హోమ్‌లో పనిచేసే మారీజ్. "కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయాయి. మాట వస్తోంది గానీ తడబడుతోంది. ఇక ఇంటికి వెళ్ళే పరిస్థితి లేదు."

ఒడెట్ పొయ్యి మంట తగ్గించింది. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలిసిన రోజే ఆమెకీ తెలిసింది. చర్చి మెట్ల మీద ఎవరో చెప్పారు.

"ఇంకో విషయం. ఆవిడ ఇంట్లో ఒక తొండ ఉంది."

"ఏముందీ?"

"తొండండీ. గడ్డం ఉంటుందట. పెంచుకుంటున్నారట ఏడెనిమిదేళ్ళుగా. శుక్రవారంలోగా ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నాడు ఇంటాయన. కాయితంలో దగ్గరివాళ్ళ పేరు చెప్పమంటే ఆవిడ మీ పేరే చెప్పారు."

"ఇంకెవరూ లేక చెప్పి ఉంటుంది."

"ఏమోనండీ. ఉన్నది మాత్రం మీ పేరే."

అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుని తొమ్మిదేళ్ళయింది. ఇద్దరివీ నాలుగు వీధుల దూరంలో ఇళ్ళు. ఉత్తర ఒంటారియోలో, అడవి మధ్య, ఒకే పెద్దవీధి ఉన్న ఊరు మాది. అలాంటి ఊళ్లో తొమ్మిదేళ్ళు ఒకరికొకరు ఎదురుపడకుండా బతకాలంటే రోజూ పూనుకుని చెయ్యాల్సిన పనే. ఒకరు రొట్టెల వరుసలో కనిపిస్తే రెండోవారు సబ్బుల వరుసలోకి తిరిగేవారు. ఒకరు ఎనిమిది గంటల ప్రార్థనకి వెళ్తే రెండోవారు పదిన్నరకి వెళ్ళేవారు.

గొడవ తల్లి గురించి. తల్లికి మతి తప్పాక జినెట్ ఆరేళ్ళు ఇంట్లోనే పెట్టుకుని చూసింది. ఒడెట్ ప్లైవుడ్ మిల్లు క్యాంటీన్‌లో వంట చేసేది, ఆదివారాలు వచ్చి కాసేపు కూర్చుని పోయేది. ఒక ఫిబ్రవరిలో జినెట్ పిత్తాశయం ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరింది. ఆ వారంలోనే తల్లి నైటీతోనే మంచులోకి నడిచిపోతే పోలీసులు తీసుకొచ్చారు. ఒడెట్ కాయితాల మీద సంతకం పెట్టి తల్లిని హోమ్‌లో చేర్పించింది. అయిదు వారాలకి తల్లి న్యుమోనియాతో పోయింది. అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో భోజనాల దగ్గర, మాంసం కూరి కాల్చిన రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టుకుంటున్న ఒడెట్‌తో జినెట్ అందరి ముందూ అంది: "తిను. సంతకం పెట్టిందానివి నువ్వే కదా, కడుపునిండా తిను." ఒడెట్ పళ్ళెం బల్ల మీద పెట్టి కోటు తీసుకుని బయటికి వచ్చేసింది. అంతే, మళ్ళీ మాటల్లేవు.

ఇప్పుడు జినెట్ ఉన్నది ఆ హోమ్‌లోనే.

గురువారం వెళ్ళి ఒడెట్ తొండని తెచ్చుకుంది. నాలుగడుగుల గాజుతొట్టి, అడుగున ఇసుక, ఒక మూల దీపం, ఒక చెట్టుకొమ్మ. కొమ్మ మీద మూరెడు పొడవున, ఇసుకరంగులో, గొంతు కింద ముళ్ళముళ్ళ గడ్డంతో ఒక జీవి ఆమెనే చూస్తోంది. తొట్టికి అంటించిన కాయితం మీద జినెట్ రాతలో పేరుంది: ఫెర్నాన్. ఒడెట్‌కి నవ్వొచ్చింది. వాళ్ళ చిన్నప్పుడు బడిలో కేటకిజం, అంటే మతపాఠాలు, చెప్పిన ఫాదర్ ఫెర్నాన్‌కి అచ్చం ఇలాంటి గడ్డమే ఉండేది. తప్పు చెబితే ఇలాగే కన్నార్పకుండా చూసేవాడు.

ఒడెట్ పెళ్ళి చేసుకోలేదు. మూసేసిన చెప్పులకొట్టు పైన రెండు గదుల వాటా ఆమెది. తొట్టి పట్టే చోటు భోజనాల బల్ల ఒక్కటే, అందుకని బల్ల దానికిచ్చి ఆమె వంటగట్టు దగ్గర నిలబడి తినడం మొదలుపెట్టింది. పెద్ద తేడా ఏమీ అనిపించలేదు. ఆ బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్నా, ఎప్పుడూ ఒకటే అరిగింది.

"చూస్తావేంటి?" అంది మొదటిరోజు. అది తల పక్కకి వాల్చింది. తర్వాత చూసుకుంటే ఆ రోజు మొత్తంలో ఆమె నోటినుంచి వచ్చిన మాట అదొక్కటే.

రెండు వారాలు గడిచేసరికి ఆమె దానితో బాగానే మాట్లాడుతోంది. కొట్లో దాని మేతకి కీచురాళ్ళు అమ్మే కుర్రదానికి పురుగులంటే భయమనీ, మెట్ల మీద మంచు గడ్డకట్టిందనీ, హాకీలో మనవాళ్ళు మళ్ళీ ఓడారనీ చెప్పేది. అది వినేది, లేదా వింటున్నట్టు కూర్చునేది.

తోక కొస నల్లగా ఉండడం ఆమె మొదటిరోజే చూసింది. అది దాని రంగే అనుకుంది. మూడో వారంలో నలుపు ఇంకాస్త పైకి పాకినట్టు అనిపించింది. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూస్తే, నలుపు మొదలయ్యేచోట తోక చుట్టూ దారం కట్టినట్టు ఎండిన చర్మపు వలయం కనిపించింది. గోటితో పట్టుకుని లాగబోయింది. ఫెర్నాన్ ఒక్కసారిగా నోరు తెరిచాడు, గడ్డం బొగ్గులా నల్లబడింది. ఒడెట్ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ నల్లని కొస తొట్టి గాజుకి తగిలితే ఎండుపుల్ల తగిలిన చప్పుడైంది. మిగతా తోక మెత్తగా వంగుతోంది, అది మాత్రం వంగడం లేదు.

ఊళ్లో పశువైద్యుడికి ఫోన్ చేసింది.

"కుక్కలైతే చూస్తాను, ఆవులైతే చూస్తాను, తొండ నాకు తెలియదమ్మా," అన్నాడాయన. "టిమిన్స్‌లో ఒకావిడ ఉంది, డాక్టర్ నియెమి. ఇలాంటివన్నీ ఆవిడే చూస్తుంది. ఈలోగా లాగకు, నూనెలూ గీనెలూ రాయకు. ఇసుక తీసేసి కాయితం పరిచెయ్యి. వెచ్చగా ఉంచు."

"టిమిన్స్ మూడు గంటల దారి కదండీ."

"మూడున్నర పట్టొచ్చు, మంచు పడుతోందిగా."

ఒడెట్ రిటైరయ్యాక ఊరు దాటి కారు నడపలేదు. నవంబరు ఆఖరి మంగళవారం పొద్దున్నే, బీరుసీసాలు చల్లగా ఉంచుకునే పెట్టెలో తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సంచి పెట్టి, దాని పక్కన ఫెర్నాన్‌ని పడుకోబెట్టి, పెట్టెకి సీటుబెల్టు కట్టి బయల్దేరింది. దుంగల లారీలు పక్కనుంచి పోతుంటే రోడ్డు మొత్తం తెల్లగా లేచి, ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టేదాకా ఏమీ కనిపించేది కాదు. ప్రతిసారీ ఆమె పెట్టె మీద చెయ్యి వేసేది.

సగం దారిలో ఒక కాఫీకొట్టు దగ్గర ఆగి, సంచిలో నీళ్ళు మార్చమని అడిగింది. కొట్టు ఆవిడ కెటిల్ తెస్తూ పెట్టె వైపు చూసింది.

"ఏముందందులో, చేపలా?"

"తొండ. ఆపరేషన్ ఉండొచ్చంటున్నారు."

ఆవిడ కాసేపు ఆమె మొహంలోకే చూసింది. "మా ఆయన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్ళినప్పుడు కూడా నేనింత జాగ్రత్త పడలేదు తల్లీ. ఈ వాతావరణంలో ఒక్కదానివే వచ్చావా?"

"ఇద్దరం," అంది ఒడెట్ పెట్టె చూపించి.

ఆవిడ పకపకా నవ్వింది. ఒడెట్ కూడా నవ్వింది. కారెక్కాక చాలా దూరం వరకు ఆ నవ్వు గుర్తొస్తూనే ఉంది. ఇంకో పదినిమిషాలు అక్కడే కూర్చోవలసింది అనుకుంది.

డాక్టర్ నియెమి నలభై దాటని మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. తోక మొదలు నుంచి చివర దాకా వేళ్ళతో మెల్లగా నొక్కుతూ పోయింది. నలుపు దగ్గర గట్టిగా గిల్లినా ఫెర్నాన్ కదల్లేదు. ఎక్స్‌రే తీసి తెర మీద చూపించింది.

"ఇక్కడిదాకా ఎముక బావుంది. ఇక్కడినుంచి కుళ్ళు తినేసింది, చూడండి, అంచులు మసకగా ఉన్నాయి. ఈ వలయం ఉందే, ఇది ఊడిపోకుండా మిగిలిన కుబుసం. బిగుసుకుపోయి రక్తం కిందికి పోకుండా ఆపేసింది. ఒకటి కాదు, మూడు పొరలున్నాయి."

"నా దగ్గరికొచ్చి నెల కూడా కాలేదండీ."

"అయితే అంతకు చాలా ముందునుంచే ఉంది. కుబుసం విడిచినప్పుడల్లా గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి తోక కొస చూడాలి. మూడుసార్లు ఎవరూ చూడలేదు."

"మా అక్క చూడకుండా ఉండదు," అంది ఒడెట్. అన్నాక, తొమ్మిదేళ్ళుగా చూడని మనిషి గురించి అంత గట్టిగా ఎలా అనగలిగానా అని తనకే ఆశ్చర్యం వేసింది. "కోస్తే మళ్ళీ మొలుస్తుందా? బల్లులకి మొలుస్తుంది కదా."

"వీటికి మొలవదు. పోయింది పోయినట్టే. కానీ కొయ్యకపోతే పైకి పాకి వెన్నుదాకా పోతుంది, అప్పుడు మనిషే... అదే, జంతువే దక్కదు." డాక్టరు ఒక కాయితం ముందుకి జరిపింది. "మీరు సరేనంటే ఇవాళే చేసేస్తాను. ఇక్కడ సంతకం పెట్టండి."

ఒడెట్ పెన్ను తీసుకుంది. పెన్ను కాయితం మీద ఆగింది. పేరులో మొదటి అక్షరం కూడా పడలేదు.

"ఇది నాది కాదండీ. మా అక్కది."

"ఆవిడని అడగగలరా?"

"అడగొచ్చు," అంది ఒడెట్. ఎలా అడగాలో మాత్రం తెలియలేదు.

నడవాలో, కుక్క మేత బస్తాల పక్కన నిలబడి హోమ్‌కి ఫోన్ చేసింది. మారీజ్ వీల్‌చెయిర్ దగ్గరికి వెళ్ళి జినెట్ చెవి దగ్గర ఫోన్ పెట్టింది. ఊపిరి వినిపించింది.

"జినెట్, నేను. ఒడెట్‌ని."

"తె... తెలుసు," అంది అక్క.

ఆ గొంతు ముసలిదైపోయింది. ఒడెట్ గోడకి ఆనుకుంది. "ఫెర్నాన్ తోక పాడైందక్కా. కొయ్యాలంటున్నారు. టిమిన్స్‌లో ఉన్నాను. నిన్ను అడక్కుండా..."

"ఎంత మేర?"

"మూడు వేళ్ళ మేర నల్లబడింది. ఇంకో వేలు పైకి కోస్తారట."

అవతల మారీజ్ ఏదో అడుగుతోంది, జినెట్ ఆమెని ఉష్ అని ఆపింది.

"మత్తు... ఇస్తారా?"

"ఇస్తారు."

"చలి పెట్టకు వాడికి."

"పెట్టను."

"కొయ్యమను." కొంచెం ఆగి, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది: "సంతకం... నువ్వే పెట్టు."

ఫోన్ పెట్టేశారు. అది అనుమతో దెప్పిపొడుపో ఒడెట్‌కి అర్థం కాలేదు. లోపలికి వెళ్ళి సంతకం పెట్టింది. అది ఎవరిదో వేరేవాళ్ళ సంతకంలా వచ్చింది.

ఆపరేషన్ ముప్పావుగంట. ఆ రాత్రి ఫెర్నాన్‌ని అక్కడే ఉంచుకున్నారు. ఒడెట్ దగ్గర్లోని మోటెల్లో గది తీసుకుని, మర్నాడు వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళింది. ఇచ్చిన జాగ్రత్తలు చాలానే ఉన్నాయి. రోజూ ఒక చుక్క నొప్పిమందు, సూది లేని సిరంజితో నోట్లోకి యాంటీబయాటిక్. పదిరోజులు కుట్లు నీళ్ళలో మునగకూడదు, అయోడిన్ మందుని పల్చని టీ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి దూదితో అద్దాలి. కాయితం రోజూ మార్చాలి. దీపం కింద నలభై డిగ్రీలు ఉండాలి. ఎండలాంటి వెలుగిచ్చే గొట్టం దీపం పాతబడింది, కొత్తది పెట్టాలి. ఒడెట్ అన్నీ క్యాంటీన్ రోజుల్లోలాగా కాయితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకుంది. ఆమె చేతులకి చాలాకాలం తర్వాత వేళకి చెయ్యాల్సిన పని దొరికింది.

ఫెర్నాన్ మాత్రం తినడం మానేశాడు. కీచురాయి మూతి ముందు నడిచినా కళ్ళు మూసుకునేవాడు. నాలుగు రోజులైంది. అయిదో రోజు ఒడెట్ కోటు వేసుకుని హోమ్‌కి వెళ్ళింది.

తల్లి పోయాక ఆ నడవాలోకి ఆమె రావడం అదే మొదలు. నేలకి పూసే అదే మందు వాసన. జినెట్ కిటికీ దగ్గర వీల్‌చెయిర్లో కూర్చుని కార్లు ఆపే చోటు చూస్తోంది. మొహం ఒక పక్కకి జారింది. జుట్టు ఎవరో వాళ్ళకి తోచినట్టు దువ్వారు. ఒడెట్ కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"బతికాడా?" అంది జినెట్ తల తిప్పకుండానే.

"బతికాడు. తినడం లేదు."

"బ్లూబెర్రీ. పొట్ట చింపి... కాదు. పొట్ట కాదు." ఎడంచేత్తో ఒళ్ళో కొట్టుకుంది. "తొక్క. తొక్క చింపి, మూతికి రాయి. నాకుతాడు."

"సరే."

కాసేపు ఇద్దరూ కార్లు చూశారు. తర్వాత ఒడెట్ మెల్లగా అంది: "కుబుసం మూడు పొరలు పేరుకుపోయిందట."

జినెట్ ఒళ్ళో ఉన్న తన కుడిచేతిని ఎవరిదో పరాయి వస్తువుని చూసినట్టు చూసింది.

"జూలైలో. ఇది... మొద్దుబారేది. వచ్చేది, పోయేది. స్నానం చేయిస్తుంటే జారిపోయాడు. టబ్బులో పడ్డాడు. మళ్ళీ చేయించలేదు. భయమేసి."

"డాక్టరుకి చెప్పలేదా?"

"చెప్తే ఇక్కడికి పంపేవాళ్ళు."

"నాకైనా..." అని ఒడెట్ ఆగిపోయింది.

జినెట్ నవ్వింది. ఆ నవ్వు సగం మొహానికే వచ్చింది. "నీకా? నీకు చెప్తే సంతకం పెట్టేదానివి."

ఒడెట్‌కి ఆగస్టులో ఒక రోజు గుర్తొచ్చింది. కొట్లో గల్లా దగ్గర జినెట్ ఎడంచేత్తో పర్సు తెరవడానికి తంటాలు పడుతోంది, వెనకాల జనం ఆగిపోయారు. తనని చూసి కావాలనే ఆలస్యం చేస్తోందనుకుని, ఒడెట్ బుట్ట పట్టుకుని అవతలి వరుసలోకి వెళ్ళిపోయింది. ఆ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

"అమ్మ విషయంలో నేను..."

"అమ్మ మాట ఎత్తకు."

"సరే."

"వాడి మాట చెప్పు."

ఒడెట్ చెప్పింది. బీరుపెట్టె గురించి, కాఫీకొట్టు ఆవిడ గురించి, ఎక్స్‌రేలో ఎముకలు పూసల దండలా కనిపించడం గురించి చెప్పింది. ఇంటికి వెళ్ళి బ్లూబెర్రీ తొక్క చింపి మూతికి రాసింది. ఫెర్నాన్ ఒక కన్ను తెరిచాడు. కాసేపు ఆలోచించి, నాలుక బయటికి తీసి నాకాడు. ఒడెట్ వంటగట్టు పట్టుకుని నిలబడి, ఎందుకో తెలియకుండా ఏడ్చింది. ఆ గదిలో ఆమె ఏడ్చినా, ఏడవకపోయినా వినేవాళ్ళు లేరు కాబట్టి ఎంతసేపు కావాలంటే అంతసేపు ఏడ్చింది.

ఆ తర్వాత ప్రతి మంగళవారం వెళ్ళేది. జినెట్ పలకరించేది కాదు, సరాసరి అడిగేది.

"తిన్నాడా?"

"నాలుగు కీచురాళ్ళు, ఒక ఆకు."

"ఆకు ఏది?"

"ఆవాకు."

"అది వాడికి పడదు. డాండిలయన్ ఆకు పెట్టు. గడ్డిలో ఉంటుంది."

"జనవరిలో డాండిలయన్ ఎక్కడ తెచ్చేది అక్కా, మంచు తవ్వనా?"

"తవ్వు," అనేది జినెట్.

కుట్లు జనవరి మధ్యలో తీయించాలి. మళ్ళీ టిమిన్స్ వెళ్ళింది. మొండి బాగా మానింది, మీద కొత్త పొలుసులు చిన్నచిన్నగా వస్తున్నాయి. ఇప్పుడు ఒడెట్ వంటింటి సింకులో మోచెయ్యి ముంచి నీళ్ళ వేడి చూసుకుని, ఫెర్నాన్‌ని నానబెట్టి, పాత పళ్ళబ్రష్‌తో తోకని పైనుంచి కిందికి మెల్లగా తోముతుంది. కుబుసం ఊడితే ఊడుతుంది, లేకపోతే వదిలేస్తుంది. లాగదు. మొదట్లో ఫెర్నాన్ నడకలో ఒక పక్కకి ఒరిగేవాడు, కొమ్మ ఎక్కబోయి రెండుసార్లు పడ్డాడు. ఒడెట్ కొమ్మని కిందికి దించింది. మార్చి వచ్చేసరికి తోక పొట్టిదన్న సంగతి వాడు మర్చిపోయినట్టే ఉన్నాడు.

ఏప్రిల్లో ఒక ఎండ రోజున ఒడెట్ మారీజ్‌ని అడిగింది.

"కుక్కలు రావచ్చు, పిల్లులు రావచ్చు అని రూల్లో ఉంది," అంది మారీజ్. "తొండ రాకూడదని ఎక్కడా లేదు. భోజనాల హాల్లోకి మాత్రం తేకండీ, ముసలావిడలు జడుసుకుంటారు."

మంగళవారం జినెట్ కిటికీ దగ్గర ఒడెట్ పెట్టె మూత తీసింది. ఫెర్నాన్‌ని ఎత్తి జినెట్ ఒళ్ళో పెట్టింది. వాడు అటూ ఇటూ చూసి, కుడిచేతి మీదికి పాకి, మోచేతి దగ్గర పొట్ట ఆనించి పడుకున్నాడు. ఎండ అక్కడే పడుతోంది. జినెట్‌ని గుర్తుపట్టి వెళ్ళాడో, ఎండ కోసం వెళ్ళాడో ఎవరూ చెప్పలేరు.

జినెట్‌కి ఆ చేతిలో స్పర్శ తెలియదు. తల అంత కిందికి వంగదు. "ఉన్నాడా?" అని అడిగింది.

"ఉన్నాడు."

కాసేపటికి మళ్ళీ, "ఉన్నాడా?"

"ఉన్నాడక్కా. కళ్ళు మూసుకున్నాడు."

జినెట్ ఎడంచెయ్యి మెల్లగా తెచ్చి, వీపు మీద నుంచి నిమురుకుంటూ మొండి దాకా వెళ్ళింది. వేలికొసతో దాని చుట్టూ రెండుసార్లు తడిమింది.

"బాగా కోసింది," అంది. "బాగా మానింది."

జినెట్ కిటికీ వైపు తిరిగింది.

"ఇక వెళ్ళు. ఎండ పోతోంది, వాడికి చలేస్తుంది."

ఒడెట్ ఫెర్నాన్‌ని తీసుకుని పెట్టెలో పడుకోబెట్టి, తువ్వాలు కప్పింది. వచ్చే మంగళవారం రమ్మని జినెట్ అనలేదు, వద్దని కూడా అనలేదు. తల్లి సంగతి ఆ తర్వాత కూడా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. జినెట్ బతికిన ఇంకో రెండేళ్ళూ వాళ్ళు మాట్లాడుకున్నదంతా ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, కుబుసం ఎప్పుడు విడిచాడు అన్నదే.

ఆ రోజు ఇంటికొచ్చి, ఒడెట్ తొట్టిలో దీపం వేసి ఫెర్నాన్‌ని దాని కింద పెట్టింది. కోటు విప్పకుండానే బల్ల దగ్గర కుర్చీలో కూర్చుంది. వాడి ఒళ్ళు వేడెక్కి, బూడిదరంగు పోయి ఇసుకరంగు తిరిగొచ్చేదాకా చూస్తూ ఉంది.